దూకే పిల్లకు పడే చోటు



2023 అక్టోబరు 1. చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల మహిళల హెప్టాథ్లాన్ ముగిసింది. మూడో స్థానంలో నిలిచిన అమ్మాయికి 5,712 పాయింట్లు, నాలుగో స్థానంలో ఆగిన అమ్మాయికి 5,708. తేడా నాలుగంటే నాలుగు. ఆ నాలుగో స్థానంలో ఆగింది సామాన్యురాలు కాదు, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే పోటీలో బంగారు పతకం గెలిచిన స్వప్న బర్మన్. కాంస్యం అందుకున్నది మన తెలంగాణ బిడ్డ అగసర నందిని. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, బడిపిల్లలకు ఆ నాలుగు పాయింట్ల వెనక ఉన్న కథ చెప్పాలనుకుంటున్నాను. అందులోనూ హైజంప్ గురించే ఎక్కువ చెబుతాను. ఆటలన్నిటిలోకీ పేదింటి పిల్లకు ఎక్కువ అన్యాయం చేసేది ఆ ఆటే. ఎందుకు అన్యాయమో కొంచెం ఆగి చెబుతాను.

హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, తర్వాత హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివరికి 800 మీటర్లు. ప్రతి పోటీలో చేసిన పనికి పట్టిక ప్రకారం పాయింట్లు వస్తాయి. హైజంప్‌లో కర్రను ప్రతిసారీ మూడు సెంటీమీటర్లు పైకి లేపుతారు. మూడు అవకాశాలుంటాయి. వరుసగా మూడు సార్లు కర్ర పడిందా, ఆ పోటీ అక్కడితో సరి. ఒక మీటరు 65 సెంటీమీటర్లు దాటితే 795 పాయింట్లు, 62 దగ్గరే ఆగిపోతే 759. అంటే ఒక్క మెట్టుకు 36 పాయింట్లు. హాంగ్‌జౌలో పతకాన్ని నిలబెట్టిన తేడా నాలుగు! పొద్దున హర్డిల్స్ దూకిన కాళ్లతోనే కర్ర ముందు నిలబడి మూడో ప్రయత్నంలో ఒక ఎత్తు దాటడానికీ, దాటలేకపోవడానికీ ఎంత విలువ ఉందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. రెండో రోజు సాయంత్రం 800 మీటర్లలో రెండు నిమిషాల పదిహేను సెకన్ల చిల్లరలో గీత దాటి నందిని ఆ పతకాన్ని ఖాయం చేసుకుంది. ఆ పరుగు గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ముందు రోజు నాటి హైజంప్ కర్ర మీదికే మనసు పోతుంది.

 నందిని తండ్రి హైదరాబాదులో చాయ్ అమ్మి ఇల్లు నడిపారు. ఆమె నార్సింగిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరింది. చదువుతో పాటు ఆట అక్కడే అంటింది. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దారు. 2016లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న మనిషి ఆయన. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తికి కూడా ఆయనే గురువు. నందిని మొదట హర్డిల్స్ పిల్ల. 2021లో కెన్యాలోని నైరోబీలో జరిగిన అండర్-20 ప్రపంచ పోటీల్లో పరిగెత్తింది 100 మీటర్ల హర్డిల్సే. హర్డిల్స్ నేర్చిన కాలికి లయ తెలుస్తుంది, అడుగుల లెక్క తెలుస్తుంది. హైజంప్‌కు కావలసిందీ అదే. అందుకే ఆమె ఏడు పోటీల దారికి మళ్లగలిగింది. 2025 మే నెలాఖరులో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అక్కడ 5,941 పాయింట్లతో నందిని బంగారు పతకమే గెలిచింది. ఆసియా పోటీల హెప్టాథ్లాన్‌లో మన దేశానికి అంతకు ముందు బంగారం తెచ్చిన వాళ్లు సోమా బిశ్వాస్, స్వప్న బర్మన్.

ఇక్కడ ఒక సంగతి నల్లగొండ వాళ్లు గర్వంగా చెప్పుకోవాలి. ఈ అమ్మాయిని పెంచింది గురుకులం. ఆ గురుకులాల ఆలోచన పుట్టింది మీ నేల మీదే. 1971లో అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు తొలి గురుకుల పాఠశాలను నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రారంభించారు. పల్లెటూరి పేద పిల్లవాడు ఇల్లు వదిలి ఒక చోట ఉండి, తిని, చదువుకుని పైకి రావాలన్నది అప్పటి ఆలోచన. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆ తర్వాత వచ్చాయి. నల్లగొండకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ గురుకులం పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లు రాయిని పట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. నిజామాబాదు పిల్లా, ఖమ్మం పిల్లవాడూ వచ్చి నల్లగొండ గుట్ట ఎక్కి, అక్కణ్నుంచి హిమాలయాలకు పోయారు. గుట్ట ఎప్పటి నుంచో అక్కడే ఉంది. నేర్పే మనిషి, నడుముకు తాడు, జారితే పట్టుకునే ఏర్పాటు వచ్చాకే అది బడి అయింది.

హైజంప్‌కు కూడా జారితే పట్టుకునే ఏర్పాటు కావాలి. నేను అన్యాయమని అన్నది దాని గురించే.

పరుగు పందేనికి చెప్పులు లేకపోయినా మొదలుపెట్టవచ్చు. చెరువు కట్ట మీద ఉరకవచ్చు, పొలం గట్ల మీద ఉరకవచ్చు. కబడ్డీకి దుక్కి నేల చాలు. లాంగ్‌జంప్‌కు వాగులో ఇసుక ఉంది. హైజంప్ అలా కాదు. పైకి ఎంత లేస్తే అంత ఎత్తు నుంచి కింద పడాలి. పడేటప్పుడు వీపు మీద, మెడకు దగ్గరగా పడాలి. అంతర్జాతీయ పోటీల్లో ఆ పడే చోట వేసే పరుపు ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల మందం ఉంటుంది. మన జిల్లా పరిషత్ బడుల్లో చాలా చోట్ల హైజంప్ అంటే రెండు నిట్రాళ్లు, నడుమ ఒక వెదురు కర్ర, అవతల పిడికెడు ఇసుక. ఆ ఇసుక మీద ఏ తల్లి తన బిడ్డను వీపు వంచి పడమంటుంది?

వీపు మీద పడటం ఈ ఆటలో మొదటి నుంచీ లేదు. మన పెద్ద తరం పీఈటీ సార్లు నేర్పింది సిజర్స్ పద్ధతి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, కర్ర దాటి కాళ్ల మీద దిగడం. తర్వాత వెస్టర్న్ రోల్, ఆ తర్వాత కర్ర మీద బోర్లా దొర్లిపోయే స్ట్రాడిల్ వచ్చాయి. ఇసుక, రంపపు పొట్టు పోసిన గుంతల్లో పడినన్ని రోజులు కాళ్లూ చేతులే ముందు దిగాలి. 1960ల్లో అమెరికాలో మెత్తటి ఫోమ్ పరుపులు రావడం మొదలైంది. అప్పుడే డిక్ ఫాస్బరీ అనే విద్యార్థి కర్రకు వీపు తిప్పి దూకడం మొదలుపెట్టాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 2 మీటర్ల 24 సెంటీమీటర్లు దూకి బంగారం గెలిచాడు. కెనడాలో డెబ్బీ బ్రిల్ అనే అమ్మాయి కూడా ఆ రోజుల్లోనే తనకు తానుగా వీపు తిప్పి దూకే పద్ధతిని పట్టుకుంది. ఇద్దరు పిల్లలు, రెండు దేశాలు, ఒకే ఉపాయం. ఆ పద్ధతి నిలబడటానికి పెద్ద కారణం, వెనక్కి పడితే దెబ్బ తగలదన్న భరోసా. 2024 జులైలో పారిస్‌లో ఉక్రెయిన్ అమ్మాయి యారోస్లావా మహూచిఖ్ 2 మీటర్ల 10 సెంటీమీటర్లు దూకి, 1987 నుంచి చెక్కుచెదరని ప్రపంచ రికార్డును దాటింది. ఆమెదీ ఇదే పద్ధతి.

ఆ దూకడం ఎలా ఉంటుందో ఒక్కసారి మనసులో చూడండి. పిల్ల మొదట తిన్నగా ఉరుకుతుంది. చివరి నాలుగైదు అడుగులు వంపు తిరుగుతుంది. వంపులో ఒళ్లు లోపలికి వాలుతుంది. కర్రకు దూరంగా ఉన్న కాలితో నేలను తన్ని లేస్తుంది, ఇంకో మోకాలు ఛాతీ వైపు ఎగుస్తుంది. ఒళ్లు తిరిగి వీపు కర్ర వైపు వస్తుంది. తల దాటుతుంది, భుజాలు దాటుతాయి, నడుము విల్లులా వంగుతుంది, చివర్లో మడమలు ఎగరేసి లాక్కుంటుంది. ఇందులో ఒక గమ్మత్తు ఉంది. ఒళ్లు అలా వంగినప్పుడు శరీర బరువుకు నడిమి బిందువు కర్రకు కింద నుంచే పోవచ్చు, ఒళ్లు మాత్రం పైనుంచి పోతుంది. అదే బలం, అదే కాలు, కానీ దాటే ఎత్తు పెరుగుతుంది. పరుపు ఉన్న పిల్లకు ఈ లాభం దొరుకుతుంది, లేని పిల్లకు దొరకదు. ఇద్దరూ ఒకే జిల్లా పోటీలో ఒకే కర్ర ముందు నిలబడతారు.

పరుపు లేదని మన పిల్లలకు వెనక్కి పడటం తెలియదనుకోకండి. ఎండాకాలం పాలమూరు పల్లెల్లో మోటబాయిల దగ్గర నిలబడి చూసిన వాళ్లకు తెలుసు. దరి మీద నుంచి ముందుకు దూకేవాళ్లు, పల్టీ కొట్టేవాళ్లు, కళ్లు మూసుకుని ఎల్లెలకల పడేవాళ్లు. కింద నీళ్లున్నాయన్న ధైర్యంతోనే ఆ పిల్లల ఒళ్లు గాలిలో అన్ని వంపులు తిరుగుతుంది. కోతలయ్యాక గడ్డివాము మీదికి దూకే పిల్లలకూ ఆ భరోసే ఉంటుంది. ఈ నేల పిల్లల్లో దూకే ధైర్యానికి కొదువ లేదు. బాయి ఎండిపోయి, గడ్డి అమ్ముడుపోయి, బడి గ్రౌండుకు వచ్చేసరికి ఆ ధైర్యానికి కింద గట్టి నేల మిగులుతోంది.

హర్యానాలో ఫతేహాబాద్ జిల్లా బోస్తీ అనే ఊరి అమ్మాయి పూజ సింగ్ దీనికి ఒక దారి చూపించింది. తండ్రి తాపీ మేస్త్రీ. పరుపు లేదు. వెదురు కర్రలు పాతి, గోనె సంచుల్లో గడ్డి కూరి, వాటి మీద పడుతూ నేర్చుకుంది. 2025లో గుమిలో, నందిని బంగారం గెలిచిన ఆ పోటీల్లోనే, పద్దెనిమిదేళ్ల పూజ 1 మీటరు 89 సెంటీమీటర్లు దూకి హైజంప్‌లో బంగారం గెలిచింది. మన దేశపు అమ్మాయికి ఆసియా హైజంప్ బంగారం రావడం 2000లో బాబీ అలోషియస్ తర్వాత అదే. పూజ కథ విన్నప్పుడు నాకు ముందు సంతోషం కలిగింది, వెంటనే బాధ కూడా కలిగింది. గడ్డి సంచుల మీద నుంచి ఆసియా విజేత దాకా వచ్చిన ఒక్కరు మనకు కనబడతారు. గడ్డి సంచి పక్కకు జరిగి, మెడ పట్టేసి, భయపడి మానుకున్న పిల్లలు ఏ పత్రికలోనూ కనబడరు. ఆ అమ్మాయిని మెచ్చుకుందాం. సంచులను మాత్రం ఆదర్శం చేయకూడదు.

పాలమూరులో తాపీ పనికి, మట్టి పనికి దేశమంతా తిరిగిన కుటుంబాలు లెక్కలేనన్ని. పాలమూరు కూలీ కట్టని ఆనకట్ట లేదంటారు. తల్లీదండ్రీ వలస పోతే పిల్ల కూడా బడి వదిలి వెంట పోయేది. హైజంప్‌కు ఇది పెద్ద దెబ్బ. ఈ ఆట ఒక్క ఏడాదిలో రాదు. పదకొండు, పన్నెండేళ్లకు మొదలుపెట్టి, ఒకే గురువు కంటి ముందు ఏడెనిమిదేళ్లు అడుగులు లెక్కపెట్టాలి. పిల్ల పొడుగు పెరిగినప్పుడల్లా ఆ లెక్క మారుతుంది, మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు పుణె పక్కన గుడిసెలో ఉంటే ఆ లెక్క నిలబడదు. అందుకే హాస్టలు ఉన్న బడి ఈ ప్రాంతపు క్రీడకు ప్రాణం. రోజూ గుడ్డు, పప్పు, పాలు దొరికే చోటు, రాత్రి నిశ్చింతగా పడుకునే చోటు. నందినికి నార్సింగిలో దొరికింది అలాంటి చోటే.

హైజంప్‌కు గట్టి మోకాళ్లు కావాలి. ఇంకో మాట చెప్పకుండా నల్లగొండలో వాటి గురించి మాట్లాడలేం. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లల్లో బోరు నీళ్లు తరాల తరబడి ఆ హద్దు దాటే ఉన్నాయి. మొదట పళ్ల మీద గార కనిపిస్తుంది, తర్వాత ఎముకల్లోకి దిగుతుంది. కీళ్లు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్ర ప్రపంచంలో ఉన్న పేరు నల్లగొండ పద్ధతి. మన జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది. శివన్నగూడెం అంశల స్వామి తన వంగిన ఒంటితోనే ఊరూరికీ, వేదిక వేదికకూ పోయి మంచినీళ్ల కోసం అడిగాడు. 2023 జనవరిలో, ముప్పై రెండేళ్లకే పోయాడు.

హైజంప్‌లో నేలను తన్నే క్షణాన ఆ ఒక్క మోకాలి మీద ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. ఆ మోకాలు తిన్నగా పెరగాలంటే పుట్టిన దగ్గర్నుంచి మంచి నీళ్లు తాగాలి. 2015లో చౌటుప్పల్‌లో మంచినీళ్ల పథకం మిషన్ భగీరథకు పైలాన్ లేచింది, తర్వాత కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్ల అవ్వలు, తాతలు లేచి నిలబడటానికే గోడ పట్టుకున్నారు. ఈ పిల్లల మోకాళ్లు తిన్నగా ఉన్నాయి. వాళ్లను ఉరకనివ్వాలి, దూకనివ్వాలి. ఇంట్లో నల్లా నీళ్లున్నా రుచి బాగుందని పాత బోరు నీళ్లే తాగిస్తున్న తల్లులు ఎవరైనా వింటుంటే, దయచేసి ఆ అలవాటు మానండమ్మా.

హైజంప్‌లో మన రాష్ట్రానికి ఒక గొప్ప జ్ఞాపకం కూడా ఉంది. 2012 జూన్‌లో కర్ణాటక అమ్మాయి సహనా కుమారి 1 మీటరు 92 సెంటీమీటర్లు దూకి భారత రికార్డు నెలకొల్పింది. అది హైదరాబాదులోనే. ఆ ఒక్క జంప్‌తో ఆమె లండన్ ఒలింపిక్స్‌కు పోయింది. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి రెండు మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో దేశపు రికార్డు పుట్టింది.

ఇక పీఈటీ సార్లతో, మేడమ్‌లతో నాలుగు మాటలు. మీ బడిలో ఫోమ్ పరుపు లేకపోతే, ఇసుక గుంతలో ఎవరినీ వీపు తిప్పి దూకే ఫ్లాప్ వేయనివ్వకండి. పిల్లలు సెల్‌ఫోన్లలో చూసి వేస్తామంటారు, అయినా ఆపండి. సిజర్స్ నేర్పండి. సిజర్స్‌లో కాళ్ల మీద దిగుతారు కాబట్టి లోతుగా తవ్వి, రాళ్లు ఏరి, పొడి ఇసుక నింపిన గుంత సరిపోతుంది. వంపు పరుగు మాత్రం మొదటి రోజు నుంచే నేర్పండి. సున్నంతో నేల మీద గీత గీసి, చివరి ఐదు అడుగులు ఆ గీత మీద ఉరికించండి. దానికి పరుపు అక్కర్లేదు, కర్ర కూడా అక్కర్లేదు. ఏ కాలితో తన్నుతుందో పిల్లనే కనుక్కోనివ్వండి, కుడి ఎడమలు మీరు నిర్ణయించకండి. నట్టింట్లో దూలాన్ని అందుకోవాలని ఎగిరే పొడుగు పిల్ల ఎవరో మీకు ఈ పాటికి తెలిసే ఉంటుంది. ఆ పిల్ల పేరు రాసిపెట్టుకోండి. పరుపు ఉన్న క్రీడా పాఠశాలకు, గురుకులానికి ఎంపికలు ఎప్పుడు పెడతారో కనుక్కుని స్వయంగా తీసుకుపోండి. ఇంట్లో వాళ్లు ఆడపిల్లను హాస్టలుకు పంపబోమంటే, నందిని పేరు చెప్పండి, ఆమె తండ్రి చాయ్ అమ్మిన సంగతి చెప్పండి.

మండల, జిల్లా స్థాయి పోటీలు నిర్వహించే పెద్దలకు ఒక విన్నపం. ప్రతి బడికీ పరుపు కొనలేం, నిజమే. ఉమ్మడి జిల్లాల్లో నాలుగైదు చోట్ల, దేవరకొండ, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ లాంటి పట్టణాల్లో, తలా ఒక మంచి పరుపు ఉంచి, వానకు తడవకుండా కప్పి, చుట్టుపక్కల బడుల పిల్లలను వారానికి రెండు రోజులు అక్కడికి రప్పించండి. బస్ పాసు ఉన్న పిల్లకు రాకపోకలు పెద్ద కష్టం కాదు. వచ్చే క్రీడల సీజనుకు ముందే ఆ పని మొదలైతే, ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్ల పదో తరగతికి వచ్చేసరికి నాలుగేళ్లు నిండుగా పరుపు మీద నేర్చుకుని ఉంటుంది.